కనిగిరి నీళ్లను చదివిన శాస్త్రవేత్తలు

మా మేనమామది పొదిలి పక్కన పల్లె. పైన విమానం పోతుంటే అందరూ తలెత్తి చూస్తారు. ఆయన మాత్రం మనిషి మనిషంతా వెనక్కి వాలతాడు. మెడ లేవదు. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే ఒళ్లంతా తిప్పుకుని చూడాల్సిందే. చిన్నప్పుడు మేం అది ఆయన దర్జా అనుకునేవాళ్లం.

ఎముకలకు ఫ్లోరైడ్ పట్టిందేమో ఊళ్లో ఒక అంచనాకు రావడానికి డాక్టర్లు మూడు చిన్న పనులు చేయమంటారు. మోకాళ్లు వంచకుండా కాలి వేళ్లు అందుకోవాలి. గడ్డం గుండెకు ఆనించాలి. రెండు చేతులూ తల వెనక్కి పెట్టుకోవాలి. మామ మూడూ తప్పాడు. రచ్చబండ మీద ఆయన పక్కన కూర్చున్న ఇద్దరు కూడా రెండేసి తప్పారు.

ఎండాకాలం వచ్చి ట్యాంకర్ల గొడవ మొదలైతే మన మెట్ట ఊళ్లలో మళ్లీ అవే మాటలు తిరుగుతాయి. కాచి తాగితే ఫ్లోరైడ్ పోతుందట. క్యాన్ నీళ్లు తాగితే ఎముకలు గుల్లవుతాయట. కిడ్నీ జబ్బులన్నీ ఫ్లోరైడ్ వల్లేనట. వీటిలో ఏది నిజం, ఏది సగం నిజం, ఏది ఇంకా తేలలేదు అన్నది తెలుసుకోవాలంటే ఈ నీళ్ల మీద పనిచేసిన వాళ్ల వెంట కాసేపు నడవాలి. వాళ్లలో పశువైద్యులున్నారు, పళ్ల డాక్టరు ఉన్నాడు, మలేరియా మనిషి ఉన్నాడు, రాళ్లు పగలగొట్టి చూసిన ప్రొఫెసర్ ఉన్నాడు. 'పర్యావరణ శాస్త్రవేత్త' అన్న బోర్డు వీళ్లలో చాలామంది మెడలో ఎన్నడూ లేదు.

ఫ్లోరైడ్ ఎంతైతే ఎక్కువ?

ఫ్లోరిన్ ఒక మూలకం. అది వేరే మూలకాలతో కలిసి రాళ్లలో ఉంటుంది. నీళ్లలో కరిగినప్పుడు ఉండే రూపాన్ని ఫ్లోరైడ్ అంటాం. రంగు లేదు, వాసన లేదు, మామూలుగా ఉండే మోతాదుల్లో రుచీ తెలియదు. మనవాళ్లు 'ఉప్పునీళ్లు' అనేవన్నీ ఫ్లోరైడ్ నీళ్లు కావు. తియ్యగా, కమ్మగా ఉన్న బావిలోనూ ఫ్లోరైడ్ ఉండొచ్చు. తికమక మొదలయ్యేదే ఇక్కడ.

లెక్క లీటరుకు మిల్లీగ్రాముల్లో వేస్తారు. భారతీయ ప్రమాణం ప్రకారం తాగే నీళ్లలో 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే దారి లేకపోతే 1.5 వరకు ఒప్పుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ 1.5 అనే. పళ్లు ఏర్పడే చిన్న వయసులో ఎక్కువైతే పంటి మీద సున్నం చుక్కల్లాంటివి, తర్వాత గోధుమరంగు చారలు వస్తాయి. మన వైపు గారపళ్లు అని ఎగతాళి చేసేవాటిలో చాలా భాగం ఇవే, తోముకోకపోవడం వల్ల వచ్చినవి కావు. ఏళ్ల తరబడి ఎక్కువగా తాగితే ఎముకల్లో, కీళ్ల దగ్గరి నరాల్లాంటి కట్టుల్లో పేరుకుని ఒళ్లు బిగుసుకుపోతుంది. మొదటిది దంత ఫ్లోరోసిస్, రెండోది ఎముకల ఫ్లోరోసిస్.

అయితే లీటరులో ఎంతుంది అన్నది సగం లెక్కే. ఎన్ని లీటర్లు తాగుతున్నారన్నది మిగతా సగం. ఊరి బోరులో 3 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. చేలో పనిచేసే మనిషి మే నెలలో 4 లీటర్లు తాగాడు. 12 మిల్లీగ్రాములు లోపలికి పోయాయి. అరకిలో బియ్యం వండితే అన్నం ఒక లీటరు నీళ్లు పీలుస్తుంది, ఆ ఇంట్లో అదో 3 మిల్లీగ్రాములు. అవే బోరు నీళ్లు తాగుతూ చల్లని ఊళ్లో కుర్చీలో కూర్చునే మనిషి 2 లీటర్లతో 6 మిల్లీగ్రాముల దగ్గర ఆగిపోతాడు. ప్రమాణం ఒకటే అయినా, కనిగిరి ఎండకు దాని అర్థం మారుతుంది.

కాచడం సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. 10 లీటర్లు కాస్తే ఆవిరైపోయి 8 లీటర్లు మిగిలాయి. ఫ్లోరైడ్ ఆవిరవదు. లీటరుకు 3 ఉన్నది 3.75 అయింది. కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ చిక్కబడుతుంది.

మొదట కుంటింది ఎద్దు

ఒంగోలు గిత్త పేరు దేశం దాటిన చోట ఈ కథ ఎద్దుతో మొదలవడం విచిత్రం. 1930ల మొదట్లో అరక దున్నే ఎద్దులు కాళ్లు బిగుసుకుపోయి అడుగు వేయలేకపోవడం రైతులు గమనించారు. పశువైద్యులు చూశారు. తర్వాత కొన్నేళ్లకు అదే బిగువు మనుషుల్లో కనిపించింది. కారణం సులువుగానే ఊహించొచ్చు. ఎద్దు మనకంటే ఎన్నో రెట్లు నీళ్లు తాగుతుంది, తాగేది అదే బావి.

1937లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో ఒక వ్యాసం వచ్చింది. రాసినవాళ్లు నలుగురు: హెచ్.ఇ. షార్ట్, జి.ఆర్. మెక్‌రాబర్ట్, టి.డబ్ల్యు. బార్నార్డ్, ఎ.ఎస్. మన్నాడి నాయర్. మద్రాసు ప్రెసిడెన్సీలో, అంటే బ్రిటిష్ కాలపు మద్రాసు రాష్ట్రంలో, మనుషులకు వస్తున్న ఎముకల జబ్బుకు మూలం నీళ్లలోని ఫ్లోరైడ్ అని వాళ్లు తేల్చారు. వాళ్లు చూసిన ఊళ్లు అప్పట్లో నెల్లూరు జిల్లాలోవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు పొదిలి, కనిగిరి ప్రాంతాలు అందులోకి వచ్చాయి, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. అందుకే పాత పుస్తకాల్లో 'నెల్లూరు' అని, కొత్తవాటిలో 'ప్రకాశం' అని ఉంటుంది. రెండూ ఒకే నేల.

నలుగురూ నాలుగు దారుల వాళ్లు. షార్ట్ మద్రాసు గిండీలోని వైద్య పరిశోధన సంస్థ కింగ్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్. మెక్‌రాబర్ట్ వైద్యుడు. బార్నార్డ్ ఎక్స్‌రే మనిషి, మద్రాసు జనరల్ ఆసుపత్రిలోని రేడియాలజీ సంస్థకు ఆయన పేరే పెట్టారు. ఎక్స్‌రే లేకపోతే ఈ జబ్బు వాతం అనుకుని వదిలేసేవాళ్లే. ఫిల్ము మీద వెన్నుపూసలు సుద్దలా తెల్లగా, ఒకదానికొకటి అతుక్కుపోయి కనిపిస్తాయి. ఆ నడుముకు ఇంగ్లిష్‌లో పేరు 'పోకర్ బ్యాక్'. పోకర్ అంటే పొయ్యిలో నిప్పులు ఎగదోసే ఇనపకడ్డీ. మా మామకు ఈ పోలిక చెబితే నవ్వాడు, "కడ్డీ అయినా కాలిస్తే వంగుతుంది రా" అన్నాడు.

షార్ట్ జీవితం చూస్తే ఫ్లోరైడ్ అందులో ఒక మజిలీ మాత్రమే. 1887లో పంజాబ్‌లో పుట్టాడు. అస్సాంలో కాలా అజార్ అనే జ్వరం మీద ఏళ్లకేళ్లు పనిచేశాడు. 1948లో లండన్‌లో గార్న్‌హామ్‌తో కలిసి, మలేరియా పరాన్నజీవి రక్తంలోకి రాకముందు కాలేయంలో దాక్కుంటుందని చూపించాడు. లోకం ఆయన్ని గుర్తుపెట్టుకున్నది దానికే. నిండు నూరేళ్లు బతికాడు. ఆ నూరేళ్లలో మన పల్లెలకు దక్కింది కొద్దికాలం, కొన్ని పేజీల వ్యాసం. మన వైపు ఆయన పేరు తెలిసినవాళ్లు నాకైతే ఇంతవరకు తగల్లేదు.

షార్ట్ బృందం వదిలిన చోట కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లోనే సి.జి. పండిట్, నీటి పరీక్షల నిపుణుడు టి.ఎన్.ఎస్. రాఘవాచారి మరికొందరితో కలిసి అందుకున్నారు. 1940 నాటి వాళ్ల వ్యాసం ఒక కొత్త ప్రశ్న వేసింది. ఒకే బావి నీళ్లు తాగినా కొందరికే కాళ్లూ చేతులూ ఎందుకు బిగుసుకుపోతున్నాయి? తిండిలో లోపం కూడా ఒక చెయ్యి వేస్తోందన్న అనుమానం అప్పుడు పడింది. పండిట్ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్)కి తొలి డైరెక్టర్ అయ్యారు. ఆ ప్రశ్న ఇంకా నడుస్తూనే ఉంది.

ఆరేళ్ల ముందైతే ఎవరికీ తట్టేది కాదు

1937లో వాళ్లకు ఫ్లోరైడ్ మీదే ఎందుకు చూపు పడింది? దానికి అమెరికా వెళ్లి రావాలి. 1901లో ఫ్రెడరిక్ మెక్‌కే అనే కుర్ర పళ్ల డాక్టరు కొలరాడో స్ప్రింగ్స్ ఊళ్లో ప్రాక్టీసు పెట్టాడు. అక్కడ పుట్టి పెరిగిన వాళ్లలో చాలామందికి గోధుమ మచ్చల పళ్లు. మూడు దశాబ్దాలు దాని వెంటే పడ్డాడు. నీళ్లలో ఏదో ఉందని పట్టుకున్నాడు కానీ, ఎన్ని పరీక్షలు చేయించినా ఆ ఏదో దొరకలేదు.

దొరకబుచ్చుకున్నది ఒక అల్యూమినియం కంపెనీ రసాయన శాస్త్రవేత్త. ఆర్కన్సాలో బాక్సైట్ అనే గని ఊళ్లో పిల్లలకు ఇవే మచ్చలు. అల్యూమినియం గిన్నెల వల్లేనని ఎవరైనా అంటే కంపెనీ కొంప మునుగుతుంది. ఆ భయంతో హెచ్.వి. చర్చిల్ 1931లో నీళ్లను కొత్త రకం పరీక్షకు పెట్టాడు. లీటరుకు 13.7 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్! మెక్‌కే ముప్పై ఏళ్లు వెతికిన దొంగ వ్యాపార భయం పుణ్యమా అని దొరికాడు.

ఆ తర్వాత ట్రెండ్లీ డీన్ ఊరూరా పళ్లు లెక్కపెట్టి, ఎంత ఫ్లోరైడ్‌కు ఎంత మచ్చ అన్న కొలబద్ద తయారుచేశాడు. లీటరుకు 1 దగ్గర మచ్చలు పెద్దగా లేవు, పైగా పిప్పిపళ్లు తగ్గాయి. 1945లో గ్రాండ్ రాపిడ్స్ నగరం నీళ్లలో కావాలని ఫ్లోరైడ్ కలపడం మొదలైంది. మన దగ్గర తీసెయ్యమని, అక్కడ కలపమని శాస్త్రవేత్తలు చెప్పడం చూసి చాలామంది తికమకపడతారు. రెండు మాటలూ ఒకే కొలబద్ద మీద వేరువేరు గీతల దగ్గర నిలబడి చెప్పినవి. కలపడం ఎంతవరకు మంచిదన్న వాదన అక్కడ ఇప్పటికీ ఆగలేదు. మనకు ఆ బెంగ లేదు, మన రాళ్లే కలుపుతున్నాయి.

ఒక బోరులో ఉంది, పక్క బోరులో లేదు

పల్లెల్లో ఎక్కువమంది అడిగేది ఇదే. గట్టుకు అవతలి బోరు మంచిదట, ఇవతలిది కాదట, ఎలా?

మొదటి సమాధానం రాళ్లది. ఉస్మానియా ప్రొఫెసర్ సి. లీలానందం ఈ జిల్లా శిలలను ఏళ్ల తరబడి చదివి, ఇక్కడి ప్రత్యేక రాళ్ల సమూహానికి ప్రకాశం పేరే పెట్టారు: ప్రకాశం ఆల్కలైన్ ప్రావిన్స్. కనిగిరి గ్రానైట్‌లో ఫ్లోరైట్ ఉందని భూగర్భ శాస్త్రవేత్తలు రాశారు. ఫ్లోరైట్ ఒక్కటే కాదు, అపటైట్, నల్ల అభ్రకం లాంటి ఖనిజాల్లోనూ ఫ్లోరిన్ ఉంటుంది. నీళ్లు ఈ రాతి పగుళ్లలో ఏళ్లకేళ్లు నిలవుంటే మెల్లగా కరిగించుకుంటాయి. అందుకే పైపైన ఉండే పాత దిగుడుబావి కంటే వందల అడుగుల బోరులో ఎక్కువ ఉండే అవకాశం ఉంది. ఉంటుందనే కాదు, అవకాశం.

రెండో సమాధానం రసాయనానిది. బి.కె. హండా 1975లో దేశం నలుమూలల నీళ్లు పోల్చి ఒక సంగతి చూపించాడు: కాల్షియం తక్కువున్న చోట ఫ్లోరైడ్ ఎక్కువ. కాల్షియం, ఫ్లోరైడ్ కలిస్తే కరగని పదార్థమై అడుక్కు దిగుతాయి. లీటరుకు 40 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్ సుమారు 3 దాకా నిలవగలదు. కాల్షియం 10కి పడిపోతే ఆ హద్దు 6కి లేస్తుంది. కాల్షియం నాలుగో వంతయితే ఫ్లోరైడ్‌కు రెట్టింపు జాగా. అవతలి బోరు నీళ్లు సున్నపు పొర తగులుకుంటూ వచ్చాయి, ఇవతలివి సోడా ఎక్కువున్న రాతిలోంచి వచ్చాయి. గట్టు ఒకటే అయినా నీళ్లు నడిచిన దారి వేరు.

నడుము బిగుసుకోవడం, కాళ్లు వంకరపోవడం ఒకటేనా?

1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో నల్గొండ జిల్లా గురించి రాశారు. అక్కడ కుర్రవాళ్లలో మోకాళ్లు రెండూ ఒకదానికొకటి రాసుకుంటూ, పాదాలు ఎడంగా పోతున్నాయి. షార్ట్ చూసినది ఎముక గట్టిపడి బిగుసుకున్న పెద్దవాళ్లను. ఇక్కడ ఎముక గుల్లబారుతోంది. నీళ్లలో ఉన్నది అదే ఫ్లోరైడ్.

ఎందుకన్న దాని మీద రెండు వాదాలు. నాగార్జునసాగర్ నీళ్లు పారాక నేలలో ఊట పైకొచ్చి మట్టి క్షారం పెరిగిందని, ఆ నేలలో పండిన జొన్నలో మాలిబ్డినం అనే లోహం ఎక్కువై ఒంట్లో రాగిని తగ్గిస్తోందని పోషకాహార సంస్థ వైపు నుంచి ఒక ప్రతిపాదన వచ్చింది. జొన్న తినేవాళ్ల ఒంట్లో అన్నం తినేవాళ్లకంటే ఫ్లోరైడ్ ఎక్కువ నిలుస్తుందని 1977లో లక్ష్మయ్య, శ్రీకంఠియా చూపించారు. రెండో వాదం ఇంకా సాదాది: ఎదిగే వయసులో కాల్షియం చాలని పిల్లలకు ఫ్లోరైడ్ తోడైతే కాళ్లు వంకరపోతాయి, డ్యామును లాక్కురావాల్సిన పనిలేదు. నా మటుకు రెండోదే ఎక్కువ ఊళ్లకు సరిపోతుందనిపిస్తుంది. సాగర్ కాలవ చూడని ఊళ్లలోనూ ఈ కాళ్లున్నాయి. జొన్న మానేయమని మాత్రం దీన్నిబట్టి ఎవరూ చెప్పలేరు. మన పల్లెల్లో పిల్లల కాల్షియం సంగతి కావాలంటే, తెల్లారగానే పాలకేంద్రం దగ్గర క్యాన్లు చూస్తే చాలు. ఇంట్లో గేదె ఉంటుంది, పాలు ఉండవు.

పటిక బిందె, ఆర్వో క్యాన్, కాలవ నీళ్లు

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు 1970లలో ఇచ్చినది నల్గొండ పద్ధతి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో కలిపి తిప్పుతారు. తరకల్లాంటి ముద్దలు కట్టి, ఫ్లోరైడ్‌ను అంటించుకుని అడుక్కు దిగుతాయి. పైన తేరిన నీళ్లు తాగొచ్చు. పటిక అంటే అల్యూమినియం ఉప్పే. కంపెనీ భయపడిన లోహమే ఇక్కడ మందయింది.

చిక్కు మోతాదులో ఉంది. పటిక ఎంత వేయాలన్నది ఫ్లోరైడ్ ఎంతుందో, నీళ్ల క్షారం ఎంతుందో చూసి తేల్చాలి. తక్కువేస్తే ఫ్లోరైడ్ మిగులుతుంది, ఎక్కువేస్తే అల్యూమినియం మిగులుతుంది. రోజూ ఒకరు కొలిచి వేయాలి, అడుగున మడ్డి తీసి ఎక్కడో పారబోయాలి. ఎక్కడో అంటే చాలాచోట్ల పంపు పక్కనే. కాగితం మీద చవకైన పద్ధతి ఇది, వంటింట్లో ఓపిక కావాల్సిన పద్ధతి.

ఆర్వోకు ఓపిక అక్కర్లేదు, చిల్లర ఉంటే చాలు. అది ఫ్లోరైడ్‌ను బాగానే తీస్తుంది. లీటరుకు 3 ఉన్న నీళ్లు 100 లీటర్లు పోశామనుకుందాం. 40 లీటర్లు మంచివి వచ్చాయి, వాటిలో 0.2 మిగిలింది, అంటే 8 మిల్లీగ్రాములు. పోసిన 300లో మిగతా 292 మిల్లీగ్రాములు 60 లీటర్ల వృథా నీళ్లలోకి చేరాయి. లీటరుకు దాదాపు 4.9. అవి కాలవలోకి, అక్కణ్నుంచి నేలలోకి పోతాయి.

క్యాన్ నీళ్లతో ఎముకలు గుల్లవుతాయన్న మాటలో సగం నిజం ఉంది. ఆర్వో కాల్షియం కూడా తీసేస్తుంది. ఖనిజాలు ముఖ్యంగా తిండి నుంచి రావాలి, నీళ్ల నుంచి వచ్చేది కొంతే అని ఒక వర్గం అంటుంది. తిండిలోనే లేని ఇళ్లలో ఆ కొంత కూడా లెక్కే అని ఇంకో వర్గం అంటుంది. 3 మిల్లీగ్రాముల బోరుకూ క్యాన్‌కూ మధ్య ఎంచుకోవాల్సి వస్తే రెండు వర్గాలూ క్యాన్‌నే ఎంచుకుంటాయి.

మూడోది ఇంజనీర్ల మాట: మంచి నీళ్లు బయటి నుంచి తేవాలి. నదుల నీళ్లలో ఫ్లోరైడ్ మామూలుగా తక్కువే. సాగర్ కాలవ మీద, రామతీర్థం జలాశయం మీద, నల్లమల కింద తవ్విన వెలిగొండ సొరంగాల మీద మన ఆశలన్నీ అందుకే. కానీ వేసవిలో పైపు ఎండితే ఏమవుతుందో లెక్క వేసి చూడండి. తొమ్మిది నెలలు కాలవ నీళ్లు (0.5) రోజుకు 2 లీటర్లు. మూడు నెలలు బోరు నీళ్లు (4), ఎండకు రోజుకు 4 లీటర్లు. నెలలను బట్టి సగటు తీస్తే 1.4 దగ్గర వస్తుంది, ఫరవాలేదనిపిస్తుంది. తాగిన లీటర్లను బట్టి తీస్తే 1.9. ముప్పావు ఏడాది మంచి నీళ్లిచ్చినా హద్దు దాటిపోయాం.

కిడ్నీల మాట, నెల్లూరు మాట

ఫ్లోరైడ్ ఒంట్లోంచి ఎక్కువగా మూత్రం ద్వారా పోతుంది. కిడ్నీలు చెడితే పోవడం తగ్గి, లోపల పేరుకోవడం పెరుగుతుంది. ఇది గట్టిగా తెలిసిన సంగతి. ఇప్పుడు పల్లెల్లో కనిపిస్తున్న కిడ్నీ జబ్బులకు ఫ్లోరైడే మూలమన్నది మాత్రం అంత గట్టిగా తేలలేదు. ఎండలో నీళ్లు చాలక పనిచేయడం, నొప్పి మాత్రలు, షుగరు, బీపీ, నీళ్లలో ఇంకేవైనా ఉండటం, ఇవన్నీ పోటీలో ఉన్న కారణాలే. కీళ్లు బిగుసుకున్న మనిషి ఏళ్ల తరబడి మింగే నొప్పి మాత్రలు కిడ్నీకి దెబ్బ కావడం ఒక దారి. అలా చూస్తే ఫ్లోరైడ్ పరోక్షంగా తప్పించుకోలేదు.

ఢిల్లీ ఎయిమ్స్‌లో ప్రొఫెసర్‌గా చేసిన ఎ.కె. సుశీల ఈ రంగంలో ఇంకో దారి పట్టారు. ఎముక వంగనిదాకా ఆగొద్దు, కడుపులో బాధలు, నీరసం లాంటి తొలి లక్షణాల దగ్గరే పట్టుకుని, నీళ్లు మార్చి, తిండి సరిచేస్తే చాలామందికి తేలిక పడుతుందని చెప్పారు. నల్ల ఉప్పు, టీ లాంటి వాటి నుంచి వచ్చే ఫ్లోరైడ్‌ను కూడా లెక్కలోకి తెచ్చారు. ఆమె చెప్పిన తొలి లక్షణాలు వేరే జబ్బుల్లోనూ ఉంటాయి కదా అన్న అభ్యంతరం కొందరు డాక్టర్లకు ఉంది. అది న్యాయమైన అభ్యంతరమే. నీళ్లు మార్చి కొన్ని వారాలు చూడటం వల్ల పోయేదీ లేదు. కేంద్రం ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు తొలి విడతలో తీసుకున్న ఐదు జిల్లాల్లో నెల్లూరు ఒకటి. 1937లో ఏ జిల్లా పేరుతో కథ మొదలైందో, ఏడు దశాబ్దాలు దాటాక జాబితాలో మళ్లీ ఆ పేరే.

పోయిన వేసవిలో మామ ఊళ్లో పంపు నీళ్లకు కిట్టు పరీక్ష చేస్తుంటే పక్కనే ఉన్నాను. చిన్న గాజు గొట్టంలో నీళ్లు, అందులో గులాబీ రంగు మందు చుక్కలు. ఫ్లోరైడ్ ఎక్కువైన కొద్దీ రంగు పసుపులోకి జారుతుంది. అట్ట మీది రంగులతో పోల్చి చూసిన అమ్మాయి గొట్టాన్ని రెండుసార్లు వెలుతురుకు పెట్టి, ఏమీ అనకుండా పుస్తకంలో రాసుకుంది. గొట్టంలో పసుపు అందరికీ కనిపిస్తూనే ఉంది. వారం తిరక్కుండా పంపుకు ఎర్ర రంగు వేసి, 'తాగరాదు' అని రాశారు. ఇప్పుడు మనుషులు క్యాన్ తెచ్చుకుంటున్నారు. ఆ పంపు కింద తొట్టి కట్టారు, సాయంత్రం గొడ్లు అక్కడే తాగుతున్నాయి.